ఆవగింజంత సీసపు గుండు.. తుపాకీ గొట్టాన్నే పగలగొట్టొచ్చు! ఇంట్లో తూటాలు నింపే మెషీన్ అరిగితే ఏమవుతుందో తెలుసా?

అమెరికాలో క్లే షూటింగ్ ఆడేవాళ్లలో చాలామంది కాల్చేసిన తూటా గొట్టాలను పారేయరు. ఇంటికి తెచ్చుకుని, గ్యారేజీలో బల్లకు బిగించిన చిన్న మెషీన్‌తో మళ్లీ నింపుకుంటారు. ఈ మెషీన్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. తండ్రి వాడిన మెషీన్‌నే కొడుకు వాడుతున్న ఇళ్లూ ఉన్నాయి. అయితే పైకి ఎంత గట్టిగా కనిపించినా, లోపల నాలుగైదు చిన్న పార్టులు మెల్లమెల్లగా అరిగిపోతూనే ఉంటాయి. ఆ అరుగుదల ముందు తూటాలో బయటపడుతుంది. అక్కడ పట్టుకోకపోతే తుపాకీలో బయటపడుతుంది. అప్పటికి చాలా ఆలస్యం అయిపోతుంది.

ఇంతకీ ఏంటీ ఆట? ఎందుకీ మెషీన్?

ట్రాప్, స్కీట్.. ఈ రెండూ షాట్‌గన్‌తో ఆడే ఆటలు. మెషీన్ గాల్లోకి విసిరే సాసర్ లాంటి పలకను నేల మీద పడేలోపు కాల్చాలి. ఒక రౌండ్ అంటే 25 పలకలు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్పార్టాలో ఏటా జరిగే గ్రాండ్ అమెరికన్ పోటీలకు దేశం నలుమూలల నుంచి షూటర్లు వస్తారు. ఇంత సీరియస్‌గా ఆడేవాళ్లకు ప్రాక్టీస్‌లో రోజుకు 100 తూటాలు ఖర్చవడం పెద్ద విషయమేమీ కాదు.

షాట్‌గన్ తూటా లోపల ఏముంటుంది? బయట ప్లాస్టిక్ గొట్టం, అడుగున ఇత్తడి లేదా స్టీల్ బేస్ ఉంటాయి. బేస్ మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్, దానిపైన పౌడర్, ఆ పైన వాడ్ అనే ప్లాస్టిక్ కప్పు, ఆ కప్పులో సీసపు గుండ్లు. కాల్చాక ప్లాస్టిక్ గొట్టం మిగులుతుంది. మంచి రకం గొట్టమైతే చాలాసార్లు మళ్లీ నింపుకోవచ్చు. మామూలు 12 గేజ్ తూటాల్లో దీనివల్ల మిగిలేది తక్కువే. 28 గేజ్, 410 బోర్ లాంటి ఖరీదైన రకాల్లో మాత్రం డబ్బు బాగా మిగులుతుంది. అందుకే ఈ అలవాటు ఇంకా పోలేదు.

ఐదు మెట్లు.. వంద తూటాలకు ఐదొందల సార్లు

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మేవిల్ అనే ఊళ్లో 1945లో మొదలైన మెక్ కంపెనీ ఈ రంగంలో బాగా తెలిసిన పేరు. ఆ కంపెనీ '600 జూనియర్' మోడల్ ఎన్నో గ్యారేజీల్లో కనిపిస్తుంది. అది పనిచేసే తీరు చూస్తే మిగతా మెషీన్లూ అర్థమవుతాయి.

మొదటి మెట్టులో పాత ప్రైమర్‌ను బయటికి తోసి, ఉబ్బిన బేస్‌ను మళ్లీ సరైన సైజుకు నొక్కుతుంది. రెండో మెట్టులో కొత్త ప్రైమర్ కూర్చుంటుంది. మూడో మెట్టులో పౌడర్, వాడ్, గుండ్లు పడతాయి. నాలుగో మెట్టులో గొట్టం మూతి మడత మొదలవుతుంది. ఐదో మెట్టులో ఆ మడత పూర్తిగా బిగుసుకుంటుంది. అంటే ఒక్కో తూటా ఐదు చోట్లకు మారాలి. వంద తూటాలకు హ్యాండిల్‌ను కనీసం ఐదొందల సార్లు లాగాలి. వారానికి వంద తూటాల చొప్పున లెక్కేసినా ఏడాదికి పాతిక వేల పైమాటే! ఇన్ని సార్లు కదిలే ఇనుము అరగకుండా ఎలా ఉంటుంది?

అసలు విలన్ ఇక్కడే ఉన్నాడు

ఈ మెషీన్‌లో అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సిన పార్టు చార్జ్ బార్. మెషీన్ తలమీద రెండు సీసాలు బోర్లించి ఉంటాయి. ఒకదాంట్లో పౌడర్, ఇంకోదాంట్లో గుండ్లు. వాటి కింద అటూ ఇటూ జరిగే లోహపు పట్టీయే చార్జ్ బార్. ఒకవైపు జరిపితే పౌడర్, రెండోవైపు జరిపితే గుండ్లు కొలత ప్రకారం కిందికి పడతాయి. పౌడర్ కొలతను నిర్ణయించేది బుషింగ్ అనే చిన్న బోలు లోహపు ముక్క.

8వ నంబర్ సీసపు గుండు అడ్డుకొలత సుమారు 2.3 మిల్లీమీటర్లు. ఆవగింజ కంటే కాస్త పెద్దది, అంతే. 32 గ్రాముల లోడ్‌లో ఇలాంటివి దాదాపు 460 ఉంటాయి. వంద తూటాలంటే 46 వేల గుండ్లు ఆ బార్ గుండా జారాలి. వాటిలో ఒక్కటి దారితప్పి బార్ అంచున ఇరుక్కున్నా బార్ పూర్తిగా జరగదు. అప్పుడు పౌడర్ రంధ్రం సగమే తెరుచుకుంటుంది. తూటాలోకి సగం పౌడరే పడుతుంది. మిగిలిన పౌడర్ తర్వాతి తూటాలో అదనంగా పడే ప్రమాదమూ ఉంది.

బార్ ఇరుక్కుంది కదా అని బలంగా తోస్తే ఇంకో నష్టం. గుండు నలిగి లోహం మీద గీత పడుతుంది. ఆ గీతల్లోంచి సన్నటి పౌడర్ కారడం మొదలవుతుంది. సీసాల మూతి దగ్గర ఉండే రబ్బరు వాషర్ గట్టిపడినా, చిరిగినా ఇదే జరుగుతుంది. మెషీన్ కింద బల్ల మీద పౌడర్ పొడి రాలుతోందంటే దానర్థం ఇదే.

'ఢాం' అనాల్సింది 'టుస్' అంటే?

పౌడర్ తక్కువ పడితే ఏమవుతుంది.. గుండ్లు దూరం పోవు, పలక తప్పిపోతుంది, అంతేగా అనుకుంటారు కొందరు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఒత్తిడి సరిపోకపోతే ప్లాస్టిక్ వాడ్ తుపాకీ గొట్టంలోనే ఆగిపోవచ్చు. ఆ సంగతి తెలియక రెండో తూటా పేలిస్తే, దాని ఒత్తిడికి దారి ఉండదు. గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. ఆ సమయంలో షూటర్ ఎడమ చెయ్యి సాధారణంగా ఆ గొట్టం కిందే ఉంటుంది!

అందుకే షూటింగ్ రేంజ్‌లలో ఒక నియమం ఉంది. శబ్దం తేడాగా, మెత్తగా వస్తే వెంటనే ఆగిపోవాలి. తుపాకీని ఖాళీ చేసి, విప్పి, గొట్టంలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. ఒక్క పలక పోతే పోనీ.. చూడకుండా రెండోసారి మీట నొక్కకూడదు.

ఏ పార్టు అరిగితే తూటా ఏం చెబుతుంది?

మెషీన్ నోరు విప్పి చెప్పదు కానీ, తయారైన తూటాను చూస్తే జబ్బు ఎక్కడుందో దొరికిపోతుంది.

* తూటా తుపాకీలోకి సాఫీగా దిగకపోతే: బేస్‌ను నొక్కే రింగ్ లేదా కోలెట్‌లో మురికి పేరుకుందని, లేదా అది అరిగిందని అర్థం. స్టీల్ బేస్ గొట్టాలు ఇత్తడి కంటే గట్టివి, నొక్కాక కాస్త వెనక్కి ఉబ్బుతాయి. వాటిని ఎక్కువగా వాడితే ఈ పార్టు మీద భారం పెరుగుతుంది.
* ప్రైమర్ బేస్ కంటే పైకి పొడుచుకొస్తే: ప్రైమర్ కూర్చునే చోట చెత్త ఉంది, లేదా బోల్టు వదులైంది. ఇది చాలా ప్రమాదకరం. అలాంటి తూటా తుపాకీ మూసేటప్పుడే పేలే అవకాశం ఉంటుంది. వేలి కొసతో తడిమితే ప్రైమర్ బేస్‌తో సమానంగా తగలాలి.
* వాడ్ రెక్కలు మడతపడుతుంటే: వాడ్‌ను లోపలికి నడిపించే ప్లాస్టిక్ వేళ్లు విరిగాయి, లేదా బయటికి సాగిపోయాయి. ఇది చవకైన పార్టు. సాగదీసి సర్దుకోవడం కంటే మార్చేయడమే మేలు.
* మడత మధ్యలో రంధ్రం పడి గుండ్లు కారుతుంటే: మడత మొదలుపెట్టే నక్షత్రం ఆకారపు ప్లాస్టిక్ పార్టు అరిగింది, లేదా దాని ఎత్తు మారింది. గొట్టానికి ఆరు మడతలున్నాయా, ఎనిమిదా అన్నది చూసి సరైన పార్టే వాడాలి.
* మూతి దగ్గర చీలికలు, బేస్ పక్కన సూది బెజ్జాలు కనిపిస్తే: మెషీన్ తప్పు లేదు, గొట్టం ఆయుష్షు అయిపోయింది. పారేయాల్సిందే.

నూనె ఎక్కడ వేయాలి? ఎక్కడ వేయకూడదు?

చాలామంది చేసే తప్పు ఇదే. కిర్రుమంటే చాలు, కుట్టు మిషన్‌కు వేసినట్టు అంతటా నూనె వేసేస్తారు. నిలువు స్తంభం, హ్యాండిల్ కీళ్లు, లింకులు.. వీటికి పల్చగా గ్రీజు లేదా నూనె రాసి, పైన మిగిలింది తుడిచేయాలి. చార్జ్ బార్, బుషింగ్, పౌడర్ దిగే గొట్టం, ప్రైమర్ దారి.. వీటి దగ్గర మాత్రం నూనె చుక్క కూడా పడకూడదు. నూనె తగిలితే ప్రైమర్ పేలకుండా పాడైపోవచ్చు. పౌడర్ ముద్దగా అంటుకుని కొలత తప్పుతుంది. చార్జ్ బార్‌కు అవసరమైతే పొడి గ్రాఫైట్ పొడి చాలు.

పౌడర్ సీసాలతో ఇంకో చిక్కు ఉంది. ప్లాస్టిక్‌లో స్థిర విద్యుత్ పుడితే పౌడర్ గోడలకు అతుక్కుంటుంది. చలికాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఇది ఎక్కువ. బట్టల డ్రైయర్‌లో వేసే షీట్‌తో సీసాను, పౌడర్ గొట్టాన్ని తుడవడం అక్కడివాళ్లు పాటించే తేలికైన చిట్కా.

ఎప్పుడు ఏం చేయాలి?

* పని మొదలెట్టే ముందు: బల్ల బోల్టులు, మెషీన్ బోల్టులు కదిపి చూడాలి. బల్ల ఊగితే పౌడర్ కొలత కూడా మారుతుంది. తర్వాత కొన్ని చార్జ్‌లు పట్టి త్రాసులో తూయాలి. బుషింగ్ చార్టులో ఉన్న అంకెను కళ్లు మూసుకుని నమ్మకూడదు. త్రాసు చెప్పిందే లెక్క.
* పని మధ్యలో: అప్పుడప్పుడూ ఒక చార్జ్ తూయాలి. సీసాలో పౌడర్ బాగా తగ్గకుండా చూసుకోవాలి. హ్యాండిల్ ఎప్పుడూ ఒకే ఊపులో లాగాలి. ఎక్కడైనా బిగుసుకుంటే బలం వాడకుండా ఆగి, కారణం వెతకాలి. ప్రైమర్ కింద గుండు ఇరుక్కుని ఉంటే, దాని మీద నొక్కడం అంటే ప్రైమర్‌ను సుత్తితో కొట్టడంతో సమానం. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు.
* పని అయ్యాక: పౌడర్‌ను అది వచ్చిన డబ్బాలోకే తిరిగి పోయాలి. సీసాలో వదిలేస్తే రేపు అది ఏ రకమో గుర్తుండదు. ప్రైమర్ ట్రేలో మిగిలే పొడిని బ్రష్‌తో, తడి గుడ్డతో తీయాలి. వాక్యూమ్ క్లీనర్ వద్దు, దాని మోటార్ నిప్పురవ్వ చాలు.
* కొన్ని వేల తూటాలకోసారి: చార్జ్ బార్ విప్పి గీతలు చూడాలి. రబ్బరు వాషర్లు, స్ప్రింగులు, వాడ్ వేళ్లు మార్చాలి.

కంటికి కనిపించని ఇంకో శత్రువు

ఈ మెషీన్ దగ్గర సీసం దుమ్ము ఉంటుంది. పాత ప్రైమర్ల మసిలో కూడా సాధారణంగా సీసం ఉంటుంది. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే పర్వాలేదు అనే సురక్షిత స్థాయి ఏదీ లేదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. అందుకే ఈ బల్ల దగ్గర తినడం, కాఫీ తాగడం వద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగాలి. పొడి చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవాలి. పసిపిల్లలు పాకే గదిలో ఈ మెషీన్ అస్సలు పెట్టకూడదు.

మరి మన దగ్గర?

హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ విభాగంలో పోటీ పడ్డాడు. అంటే ఈ ఆట మనకు కొత్తేమీ కాదు. కానీ ఇంట్లో తూటాలు నింపుకునే విషయంలో మాత్రం ఇక్కడి చట్టం వేరు. అమెరికాలో సొంత వాడకానికి నింపుకుంటే ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. మన ఆయుధాల చట్టం-1959 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు ఈ ఆటలో చేరి, పాత మెషీన్ ఒకటి చవగ్గా కొనాలనుకుంటే ముందు అక్కడి చట్టాలు తెలుసుకోవాలి. తర్వాత మెషీన్ రంగు చూసి మోసపోకుండా చార్జ్ బార్ బయటికి తీసి చూడాలి. వెంట ఒక చిన్న త్రాసు తీసుకెళ్తే ఇంకా మంచిది.

పాత మెషీన్ కొనడం తప్పేమీ కాదు. చవకైన కొన్ని పార్టులు మారిస్తే అది మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మార్చకుండా 'ఇన్నాళ్లూ బాగానే పనిచేసిందిగా' అనుకోవడమే తప్పు.