ఆకాశం నుంచి కబురు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. వేలమంది చనిపోయారు. గాలికి స్తంభాలు కూలిపోతే కబురు ఎలా అందుతుంది?

1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహాన్ని పంపారు. తర్వాత తీర జిల్లాల్లో తుఫాను కబురు అందుకునే డిష్షులు పెట్టారు. డిష్షు పెట్టేటప్పుడు నాలుగు సంగతులు చూడాలి.

ఒకటి, దిక్కు. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున, మనకు దక్షిణం వైపు ఉంటుంది. డిష్షు అటే చూడాలి. కొబ్బరిచెట్టు అడ్డం రాకూడదు.

రెండు, డిష్షు ముందుండే చిన్న భాగం. డిష్షు మీద పడిన తరంగాలు అక్కడికి చేరతాయి. అవి చాలా బలహీనం. ఆ భాగం వాటి బలం పెంచి వైరులోకి పంపుతుంది.

మూడు, రిసీవరు పెట్టె. ప్రతి పెట్టెకూ ఒక గుర్తు పెట్టారు. ఏ జిల్లా కబురు ఆ జిల్లా పెట్టెలకే అందేది. ముందు సైరన్ మోగేది. తర్వాత తెలుగులో మాట వినిపించేది.

నాలుగు, బ్యాటరీ. తుఫానులో కరెంటు ఉండదు కదా!

1990 మే నెలలో కృష్ణ సముద్రంలో కలిసేచోట పెద్ద తుఫాను తీరం దాటింది. లక్షలమందిని ముందే తరలించారు. 1977లో కంటే చావులు బాగా తగ్గాయి.

ఇప్పుడు కబురు సెల్‌ఫోనుకే వస్తోంది. వచ్చాక ఇల్లు పట్టుకుని కూర్చోకండి. పిల్లల్ని, ముసలివాళ్ళని తీసుకుని తుఫాను షెల్టరుకు వెళ్ళండి.

మీ ఊరికి దగ్గరి షెల్టరు ఎక్కడ ఉంది?