రాయితీ ఉంది, అప్పు ఏదీ?

తొలి ఇల్లు కొనేవారికి సర్కారు సాయం నిజంగా అందుతోందా? 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద, ఏడాదికి 6 లక్షలలోపు ఆదాయం ఉన్న పట్టణ కుటుంబాలకు 6 లక్షల వరకు అప్పుపై 6.5 శాతం వడ్డీ రాయితీ ఇచ్చారు. గరిష్ఠంగా సుమారు 2.67 లక్షలు. 2022 మార్చితో అది ముగిసింది. పత్రంలో ఇల్లాలి పేరు ఉండాలన్న షరతు మెచ్చదగినదే.

అయితే రాయితీ జమయ్యేది అప్పు ఖాతాలో. జీతం చీటీ లేని దర్జీకి, తోపుడుబండి వ్యాపారికి బ్యాంకు అప్పు ఇచ్చేదెప్పుడు? వడ్డీ హరాం అని దూరంగా ఉండే మన కుటుంబాల సంగతి సరేసరి. వడ్డీ కట్టనివారికి వడ్డీ రాయితీ ఎక్కడిది! 2024లో వచ్చిన రెండో విడతలోనూ అప్పుతో కొనేవారికి ఇచ్చేది వడ్డీ రాయితీయే.

సొంత స్థలం ఉన్న పేదలు ఇల్లు కట్టుకోవడానికి కేంద్రం 1.5 లక్షలు నేరుగా ఇచ్చే దారీ ఇందులో ఉంది. దానికి అప్పుతో పని లేదు. పట్టా ఉన్నవారు మునిసిపల్ కార్యాలయంలో ముందుగా అడగవలసింది దాని గురించే.