బాల్కనీలో బొగ్గుల కుంపటి ఎందుకు ప్రమాదం?

మణికొండ అపార్ట్‌మెంట్లలో పావురాలు రాకుండా నైలాన్ వల బిగించిన బాల్కనీలో బార్బెక్యూ, అంటే ఇనుప జాలీ కింద బొగ్గులు రాజేసి మాంసమో పనీరో కాల్చే కుంపటి, పెడితే ఎగసిన నిప్పురవ్వ ఆ వలను ఇట్టే కరిగించగలదు. అయితే కనిపించే మంట కన్నా కనిపించని వాయువే మోసకారి. గాలి చాలక బొగ్గు అరకొరగా మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నెత్తుటిలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకోవడం వల్ల తలనొప్పి, వికారం మొదలై చివరకు స్పృహ తప్పుతుంది. అందుకే వాన వచ్చిందని కుంపటిని హాల్లోకి తేకూడదు. ఆరుబయటే, పెద్దల సమక్షంలోనే వెలిగించాలి. తెల్లని బూడిద కప్పుకొన్న బొగ్గు ఆరినట్లే కనిపించినా లోపల గంటల తరబడి కణకణలాడుతుంది గనుక, కొద్దికొద్దిగా నీళ్లు చల్లి, పూర్తిగా చల్లారాకే ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయాలి.