చిల్లర డబ్బు: కాగితమా, లోహమా?

సంతలో నూరు రూపాయల నోటుకంటె పది రూపాయలకే పని ఎక్కువ. 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో నుండిన సీతంపేటకు సంతనాడు కొండపల్లెలనుండి సవరలు, జాతాపులు చింతపండు, పసుపు, చీపుళ్లు తెచ్చి అమ్ముదురు. వచ్చిన సొమ్ముతో ఉప్పు, నూనె కొని ప్రొద్దు క్రుంకకమునుపే ఇండ్లు చేరుదురు. చెమటచేతులలో, కొంగుముడులలో, వానలో ఆ సొమ్ము తిరుగును. చిరిగిన పది రూపాయల నోటును అంగడివాడు త్రోసిపుచ్చినచో, అది చివరకు ఎవరిచేత మిగులునో నష్టము వారిదే. ఆ చేయి తరచుగా బీదవానిదై యుండును. కావున చిన్న విలువలకు కాగితము తగునా, లోహము తగునా యన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ సీమకు నాణెము క్రొత్తది కాదు. నేటి శ్రీముఖలింగమే పూర్వపు కళింగనగరము. దానిని రాజధానిగా చేసికొనిన తూర్పు గాంగరాజులు నందిముద్రతో చిన్న బంగారు ఫణములు వేయించిరి. అంతకంటె చిన్న బేరములకు గవ్వలుండెను. పొరుగున నున్న ఒడిస్సాలో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభము వరకు గవ్వలు చెల్లినవి. ఏమియు లేనివాడు నేటికిని "చిల్లిగవ్వ లేదు" అనుటలో ఆ కాలపు జాడ మిగిలియున్నది. పిమ్మట దమ్మిడీ, అణా, బేడ, పావలా వాడుకలో నుండెను. 1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలుగా విభజింపబడెను.

మరి రూపాయి కాగితమైన దెట్లు? మొదటి ప్రపంచయుద్ధకాలమున వెండి కొరతపడెను. అందుచే 1917 నవంబరు 30న రూపాయి నోటు వెలువడినది. లోహము ప్రియమైనపుడు కాగితము వచ్చినదన్న మాట. తరువాత కథ తిరుగబడెను. ముద్రణవ్యయము భారమగుటచే 1994లో రూపాయి నోటు నిలిచిపోయినది. 2015లో మరల వెలువడినను, వాడుకలో నాణెమునకే పైచేయి. రెండు రూపాయల నోటు ముద్రణ 1995లో ఆగినది. పది రూపాయల నాణెము 2009లోను, ఇరువది రూపాయల నాణెము 2020లోను ప్రజల చేతికి వచ్చినవి. అయినను పది రూపాయల నోటు నేటికిని నాణెముతో పాటు చెల్లుచున్నది.

రెంటికిని గుణదోషములు కలవు. నోటు తేలిక, మడచి దాచుకొనవచ్చును. పది రూపాయల నాణెములు నూరు చేరినచో బరువు ముప్పాతిక కిలో దాటును. కాని నోటు కొలదికాలమునకే నలిగి మాసిపోవును; నాణెము దశాబ్దములపాటు నిలుచును, తడికి చెడదు. చూపులేనివారు దానిని తడవి గుర్తింపగలరు. ఇరువది రూపాయల నాణెమునకు పండ్రెండు అంచులుండుట అందులకు తోడ్పడును.

అయితే గట్టిదనము మాత్రము చాలదు. పది రూపాయల నాణెము చెల్లదను వదంతి తెలుగునాట వ్యాపించి, పలువురు దానిని నిరాకరించిరి. పదునాలుగు నమూనాలును చెల్లునని రిజర్వుబ్యాంకు 2018 జనవరిలో ప్రకటింపవలసివచ్చెను. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయి, అంతకు మించిన నాణెములు వేయి రూపాయల మొత్తము వరకు చెల్లును. చిల్లర లేదని కండక్టరు టిక్కెట్టు వెనుక బాకీ వ్రాయుటయు, అంగడివాడు చాక్లెట్టు చేతబెట్టుటయు అందరెరిగినవే. అదే సమయమున ఇండ్లలో డిబ్బీలనిండ నాణెములు నిద్రించుచుండును.

నేడు ఫోనుద్వారా చెల్లించువారు పెరిగిరి. కాని ఫోను లేని కూలికి, సంకేతమందని కొండపల్లెకు చేతిసొమ్మే దిక్కు. కావున చిన్న విలువలకు నాణెమే మేలు. అయితే దానిని అందరును జంకక పుచ్చుకొను వరకు నోటును తొలగింపరాదు. లేనిచో బీదవానికి రెండును దక్కవు. నాణెమునకు విలువ నిచ్చునది టంకశాల ముద్ర. ఆ విలువను నిలుపునది మాత్రము దానిని పుచ్చుకొను చేయి.