మూడు నలుపుల కథ

రంగుల ఫొటో ప్రింటు తీయడం కష్టం, నలుపు తెలుపు తేలిక అనుకోవడం సహజం. ఒక్క నల్ల సిరా ఉంటే చాలు కదా! కానీ ఇంక్‌జెట్ ప్రింటర్ చరిత్ర చూస్తే కథ తిరగబడుతుంది. ఎర్ర చీరనీ పచ్చని వరిచేనునీ ఒప్పించేలా అచ్చువేసిన యంత్రమే బూడిద రంగు దగ్గర ఏళ్ల తరబడి తడబడింది. ఆ తడబాటు తీరింది చుక్కల సంఖ్య పెరగడం వల్ల మాత్రమే కాదు, కెమెరాలో మెగాపిక్సెళ్లు పెరగడం వల్ల అసలే కాదు. పలచని నలుపులు సిరాల వరసలోకి వచ్చాకే తీరింది.

చిక్కు ఎక్కడుందో చూడాలంటే ఒక్క నల్ల సిరాతో తీసిన ముఖచిత్రం మీద భూతద్దం పెట్టాలి. ప్రింటర్ చేయగలిగింది చుక్క పెట్టడం, మానడం. మహా అయితే చుక్క సైజు కొంచెం మార్చడం. నుదుటి మీద వెలుగు పడిన చోట లేత బూడిద రావాలంటే నల్ల చుక్కల్ని దూరం దూరంగా వేయాలి. అప్పుడు ఆ నుదురు మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తుంది. దీన్ని తప్పించడానికి ప్రింటర్లు సయాన్, మెజెంటా, పసుపు కలిపి బూడిదను తయారుచేసేవి. గరుకు తగ్గింది గాని అంతకన్నా పెద్ద తంటా వచ్చిపడింది. ఆకాశం నీలంలో కాస్త తేడా వస్తే కన్ను సర్దుకుపోతుంది. బూడిదలో రవ్వంత ఆకుపచ్చ తొంగిచూసినా ఇట్టే పట్టేస్తుంది. పైగా మూడు సిరాలూ ఒక్కో వెలుగుకు ఒక్కోలా స్పందిస్తాయి. బల్బు కింద సరిగ్గా ఉన్న ప్రింటును కిటికీ దగ్గరికి తెస్తే పచ్చబారుతుంది. 2000లో ఎప్సన్ తెచ్చిన 2000పి ప్రింటర్ ఎక్కువ కాలం నిలిచే పిగ్మెంట్ సిరాలతో వచ్చినా, నలుపు తెలుపు వాళ్లకు మిగిల్చిన ఫిర్యాదు ఇదే. మన ఊళ్లలో కలర్ ల్యాబు రంగుల కాగితం మీద నలుపు తెలుపు ఫొటో తీసిచ్చినప్పుడు అందులో కనబడే నీలిఛాయకో గోధుమఛాయకో మూలం కూడా దాదాపు ఇదే: అక్కడా మూడు రంగులు కలిస్తేనే బూడిద.

అసలు ఇంక్‌జెట్‌ను కళాకారుల గదిలోకి తెచ్చినవే నలుపు తెలుపు ఫొటోలు కావడం తమాషా. బ్రిటన్‌లో పుట్టిన గాయకుడు గ్రాహమ్ నాష్ తాను తీసిన పాత ఫొటోల నెగటివ్‌లు పోయి, కాంటాక్ట్ షీట్లు మాత్రం మిగిలినప్పుడు, వాటిని స్కాన్ చేయించి ఐరిస్ ప్రింటర్ మీద పెద్ద ప్రింట్లు తీయించాడు. అచ్చు పరిశ్రమలో రంగుల ప్రూఫులు చూసుకోవడానికి తయారైన యంత్రమది. ధర లక్ష డాలర్ల పైమాటే. 1991లో నాష్, మాక్ హోల్బర్ట్ కలిసి కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే ప్రింట్ల స్టూడియో పెట్టారు. మందపాటి కాగితం పట్టేలా ప్రింటర్‌నే కోసి సవరించారు, వారంటీ పోయినా సరే అని. ఆ ప్రింటర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. అయితే దానిలోనివి డై సిరాలు, వెలుగుకు వెలిసిపోయేవి. అమెరికాలోని వెర్మాంట్‌లో ప్రింట్‌మేకర్ జాన్ కోన్ వేరే దారి పట్టాడు. రంగు సిరాలు తీసేసి, వాటి చోట ముదురు నుంచి లేత దాకా వేర్వేరు బూడిద సిరాలు నింపాడు. 2000లో పీజోగ్రఫీ పేరుతో ఆ పద్ధతి మామూలు ఎప్సన్ ప్రింటర్లకూ అందింది. కంపెనీ కూడా చివరికి ఆ బాటకే వచ్చింది. 2005 నాటి ఆర్2400లో నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు మూడూ ఒకేసారి ఉన్నాయి. నలుపు తెలుపుకు ప్రత్యేకమైన మోడ్‌లో రంగు సిరాల పని ఛాయను రవ్వంత సరిదిద్దడం వరకే. చుక్క పరిమాణం మూడున్నర పికోలీటర్లు. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అంత చిన్న చుక్క, అందులోనూ పలచని సిరా కావడంతో నుదుటి మీది మిరియాలు మాయమయ్యాయి.

వెలుగు తాకని కాగితం ఫొటో ఎలా అవుతుందని డార్క్‌రూమ్ అభిమానులు అడుగుతారు. అలాగైతే ఫొటోగ్రావ్యూర్‌నీ కొట్టేయాలి. అందులో వెలుగు పని రాగిరేకుతో సరి; కాగితం మీదికి వచ్చేది సిరానే. ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1903 నుంచి 1917 వరకు నడిపిన కెమెరా వర్క్ పత్రిక పేరు నిలిచింది ఆ గ్రావ్యూర్లతోనే. ఇక నిలకడ సంగతి: నల్ల పిగ్మెంట్‌లో ప్రధానంగా ఉండేది కార్బన్, అంటే మసే. మన తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాల్లో పూసిందీ దీపపు మసే. శతాబ్దాల తర్వాత ఆకు పెళుసెక్కి విరుగుతుందేమో గాని అక్షరం నలుపు తగ్గదు. కాబట్టి ఇంక్‌జెట్ ప్రింటు వెలిసిపోతుందన్న మాట డై సిరాలకు చెల్లుతుంది, కార్బన్‌కు అంతగా చెల్లదు. కార్బన్ బూడిదలో చిన్న పేచీ లేకపోలేదు. పలచనయ్యే కొద్దీ అది గోధుమఛాయకు దిగుతుంది. దాన్ని సరిచేయడానికి కలిపే నీలిరంగు అంత మొండిది కాదు.

గట్టి అభ్యంతరం మరొకటుంది, దానికి తల ఊపక తప్పదు: నలుపు లోతు. మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్ సిరా సాంద్రత సుమారు 1.6 దగ్గర ఆగుతుంది. అంటే పడిన వెలుగులో రెండున్నర శాతం తిరిగి కంటికి చేరుతుంది. డార్క్‌రూమ్‌లో వాడే నిగనిగలాడే సిల్వర్ జెలటిన్ కాగితం 2 దాటుతుంది, అంటే ఒక శాతం కూడా తిరిగిరాదు. పక్కపక్కన పెడితే మ్యాట్ ప్రింటు నీడలు బూడిద పులుముకున్నట్టు కనిపిస్తాయి. ఆ డార్క్‌రూమ్ కాగితాన్ని పోలిన బరైటా రకం ఇంక్‌జెట్ కాగితం మీద, నిగనిగల కాగితాలకని చేసిన ఫొటో బ్లాక్ సిరా వాడితే ఈ తేడా దాదాపు చెరిగిపోతుంది. కాకపోతే ప్రింటును ఏటవాలుగా పట్టుకుంటే సిరా పడిన చోటు ఒకలా, పడని చోటు ఒకలా మెరుస్తుంది.

బటన్ నొక్కడంలో చేతిపని ఏముందన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల పట్టీ ఒకటి ప్రింట్ చేసి, ఆరనిచ్చి కొలిస్తే జవాబు దొరుకుతుంది. కాగితం మారితే మెట్లు మారిపోతాయి. నీడవైపు నాలుగైదు మెట్లు కలిసిపోయి ఒకే నల్లమచ్చ అవుతాయి. కాగితం మోయలేనంత సిరా పడిందన్నమాట. రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సిరాకు పరిమితి విధించవచ్చు. మరీ లేత నలుపు ఏ మెట్టు దాకా మోయాలో, లేత నలుపు ఎక్కడ అందుకోవాలో, అసలు నలుపు ఎంత ఆలస్యంగా దిగాలో ప్రింట్ తీసేవాళ్లే నిర్ణయించుకోవచ్చు. నలుపు తొందరపడి దిగితే చెంప మీద మళ్లీ గరుకు తేలుతుంది.