మోనెల్: తాను తుప్పు పట్టదు, పక్కలోహాన్ని బతకనివ్వదు

మునుపటి భాగంలో మీరు ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ల పట్టికను చూశారు. దాన్ని దగ్గర పెట్టుకొని ఈ భాగాన్ని చదవండి.

మోనెల్ 400 అనే మిశ్రలోహంలో కనీసం 63 శాతం నికెల్, 28 నుంచి 34 శాతం రాగి, కొద్దిగా ఇనుము, మాంగనీస్ ఉంటాయి. నికెల్ పరమాణు సంఖ్య 28, రాగిది 29. పరమాణువుల పరిమాణాలు దాదాపు సమానం, స్ఫటిక నిర్మాణమూ ఒకటే. అందుకే ఇవి ఏ నిష్పత్తిలోనైనా కలిసి ఒకే ఘన ద్రావణంగా ఏర్పడతాయి. 1900ల తొలి సంవత్సరాల్లో కెనడాలోని సడ్‌బరీ ముడిఖనిజం నుంచి, రెండు లోహాలనూ వేరు చేయకుండానే దీన్ని తయారుచేశారు. కంపెనీ అధ్యక్షుడు ఆంబ్రోస్ మోనెల్ పేరే దీనికి పెట్టారు. ఇంటిపేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేయడానికి వీలులేక అందులోంచి ఒక 'ఎల్' అక్షరాన్ని తీసేశారు!

వేగంగా పారే సముద్రపు నీటిని మోనెల్ బాగా తట్టుకుంటుంది. పంపుల ఇరుసులు, వాల్వులు దీనితో చేయడానికి కారణం అదే. గాజును సైతం కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని కూడా, గాలి తగలనంతవరకు, తట్టుకుంటుంది. నత్రికామ్లం వంటి ఆక్సీకరణ ఆమ్లాల ముందు మాత్రం నిలవదు. కదలని సముద్రపు నీటిలో దీనికి గుంటలు పడతాయి. కాబట్టి "తుప్పు పట్టని లోహం" అని ఎవరైనా అంటే, ఏ పరిసరాల్లో అని అడగండి.

ఏ లోహం పక్కన అని కూడా అడగాలి. 1915లో అమెరికాలో 'సీ కాల్' అనే విలాస నౌకను నిర్మించారు. పైతొడుగు మోనెల్, లోపలి చట్రం ఉక్కు. ఉప్పునీరు విద్యుద్విశ్లేష్యం కాగా, ఆ రెండూ కలిసి ఒక పెద్ద గాల్వానిక్ ఘటమైపోయాయి. ఇనుము పొటెన్షియల్ −0.44 వోల్టులు, నికెల్‌ది −0.25, రాగిది +0.34. ఆనోడ్ ఏదో మీకు తెలిసిపోయే ఉంటుంది. ఉక్కు భాగాలు ఎంత త్వరగా తినిపోయాయంటే, కొద్దికాలానికే నౌకను విడగొట్టి తుక్కు కింద తీసేయాల్సి వచ్చింది. మోనెల్ పలకలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడ వైశాల్యం కీలకం. కాథోడ్ విశాలంగా, ఆనోడ్ చిన్నదిగా ఉంటే విద్యుత్ ప్రవాహమంతా ఆ చిన్నచోటనే కేంద్రీకృతమవుతుంది. ఉక్కుకు మాత్రమే రంగు వేస్తే సరిపోతుందని చాలామంది పొరబడతారు. రంగు ఎక్కడైనా గీరుకుపోతే ఆ చిన్న గీత దగ్గరే ఉక్కు వేగంగా తినిపోతుంది. రంగు వేయాల్సింది ముఖ్యంగా మోనెల్‌కు. అంతకన్నా మేలైన పద్ధతి రెండు లోహాల మధ్య విద్యుత్ బంధకాన్ని ఉంచడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సముద్రపు నీటిలో ఉండే పెద్ద ఉక్కు వాల్వుకు చిన్న మోనెల్ బోల్టులు బిగించవచ్చా? మోనెల్ వాల్వుకు ఉక్కు బోల్టులు? మీ జవాబులకు కారణాలు రాయండి.