తెర మీద షాంపేన్ – బల్ల మీద షాంపేన్

సినిమాలో షాంపేన్ సీసా తెరిస్తే ‘ఢాం’ అని పేలాల్సిందే! నురగ ఎగజిమ్మి పక్కవాళ్ళ కోట్లు తడవాల్సిందే! చూసి చూసి మన వేడుకల్లోనూ అదే మర్యాద అనుకుంటున్నారు. అలా చిమ్మడం 1967లో లె మాన్ కారు పందెం గెలిచిన డాన్ గర్నీ సంబరంతో మొదలైన సరదా. అది పందెపురాయుళ్ళకి చెల్లుతుంది. డబ్బు పోసి కొన్న సరుకు నేలపాలవుతుంటే నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు సీసా సంగతి. లేబుల్ మీద ‘బ్రూట్’ అని వుంటే విలన్ అనుకునేరు! తీపి బాగా తగ్గించారని అర్థం. లీటరుకి చక్కెర 12 గ్రాముల లోపే. ‘ఎక్‌స్ట్రా డ్రై’ అన్న మాట చూసి అది ఇంకా తీపి తక్కువని మోసపోకండి – దాంట్లో 12 నుంచి 17 గ్రాములుంటుంది! పూర్వం షాంపేన్ అంటే పానకమే. రాన్స్ పట్నంలో మదామ్ పొమ్మరీ 1874లో బ్రూట్ తెచ్చి ఆ రుచిని మార్చింది. మొదటిసారి కొనేవాళ్ళకి సంవత్సరం వెయ్యని మామూలు బ్రూట్ చాలంటాను. అదైనా కనీసం 15 నెలలు సీసాలో మాగాకే బయటికొస్తుంది.

ఇక చల్లదనం. ‘గోల్డ్ ఫింగర్’ (1964)లో జేమ్స్ బాండ్, డామ్ పెరిన్యాన్ 38 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకూడదంటాడు. ఆ చలవ కోసమే ఫ్రిజ్ దగ్గరికెళ్ళి దెబ్బ తిని పడతాడు పాపం! నన్నడిగితే ఆ లెక్కే తప్పు. అది సుమారు 3 డిగ్రీల సెంటీగ్రేడ్ – వాసన, రుచి బిగుసుకుపోతాయి. 8 నుంచి 10 వుండాలి. బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి అరగంట వుంచితే సరి.

తెరిచేటప్పుడు మాత్రం హీరోయిజం వద్దు. లోపల సుమారు 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి! బిరడా కంటికి తగిలితే చూపే పోవచ్చు. బొటనవేలు బిరడా మీంచి తియ్యకుండా తీగ చుట్టు విప్పండి. సీసాని ఏటవాలుగా, మనుషులు లేనివైపు తిప్పి, బిరడాని కదలకుండా పట్టుకుని సీసానే మెల్లగా తిప్పండి. ‘ఉస్స్’ మని నిట్టూర్పు వినిపించిందా? మీరు పాసయినట్లే!

‘కాసాబ్లాంకా’ (1942)లో వెడల్పు గిన్నెలాంటి గ్లాసుల్లో తాగుతారు. ఫొటోకి బ్రహ్మాండం, బుడగలకి శత్రువు – గ్యాసంతా ఇట్టే పోతుంది. తామరమొగ్గలా మూతి దగ్గరైన గ్లాసు మేలు. కాస్త పోసి, నురగ అణిగాక మళ్ళీ పొయ్యండి. 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి వస్తుంది.

నంజుకోవడానికి కేకు పెట్టకండి, తీపి పక్కన బ్రూట్ పుల్లగా తోస్తుంది. ఉప్పు జీడిపప్పు, బంగాళాదుంప చిప్స్, కారం తగ్గించిన రొయ్యల వేపుడు – ఆహా! గుంటూరు మిరపకాయ జోలికి మాత్రం వెళ్ళొద్దు, బుడగలు ఆ మంటని రెట్టింపు చేస్తాయి.

మిగిలితే సీసా మూతిలో వెండి చెంచా పెట్టే చాదస్తం ఒకటుంది. దానివల్ల ఒరిగేదేం లేదు. బిగుతు మూత పెట్టి ఫ్రిజ్‌లో వుంచండి, మర్నాడు కూడా బుడగలు పలకరిస్తాయి.